శ్రీకాకుళం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం 13,200 కిలోమీటర్లు, ప్రయాణం 31 గంటలు. లెక్క ఎక్కడ తేడా వస్తోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మానాన్నలు శ్రీకాకుళం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాలి, మీ తమ్ముడు శాన్‌హోసేలో ఉంటాడు. నెట్‌లో దూరం 13,200 కి.మీ. అని చూపిస్తోంది. విమానం గంటకు 900 కి.మీ. పోతుంది కాబట్టి 15 గంటల్లో అయిపోవాలి కదా. మరి టికెట్లలో 23 గంటల నుంచి 34 గంటల దాకా ఎందుకున్నాయి? సింగపూర్ టికెట్‌లో ఎక్కే టైమూ దిగే టైమూ ఇంచుమించు ఒకటే ఎలా అయింది? ఇంటి దగ్గర ఎన్నింటికి బయల్దేరాలి?

మీరు చూసిన దూరం తప్పు కాదు. కాకపోతే ఆ దూరం మీద ఏ విమానమూ ఎగరదు. అది భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య దారం లాగి కొలిచిన దూరం. విమానం పోయే దారి వేరు, మీ అమ్మానాన్నలు పోయే దారి ఇంకా వేరు. ముందు దూరం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది లెక్క అక్కడే బెసుకుతుంది.

సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే మీరే వేసుకోవచ్చు. శ్రీకాకుళం 18.30 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.90 డిగ్రీల తూర్పు రేఖాంశం. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 37.62 ఉత్తరం, 122.38 పడమర. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాలను కలపాలి: 83.90 + 122.38 = 206.28. ఇది 180 దాటింది గనక 360లోంచి తీసేస్తే 153.72. ఇప్పుడు రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి, 0.1917 వస్తుంది. రెండు అక్షాంశాల కాస్‌లు, 153.72 కాస్, ఈ మూడింటినీ గుణిస్తే మైనస్ 0.6743. రెండూ కూడితే మైనస్ 0.4826. దీని కాస్ ఇన్వర్స్ 118.86 డిగ్రీలు. భూమి మీద ఒక్కో డిగ్రీకి 111.19 కి.మీ. కాబట్టి 118.86ను 111.19తో గుణిస్తే 13,216. ఇదే మీ 13,200.

ఇందులో తప్పులు రెండుచోట్ల దొర్లుతాయి. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే అర్థంపర్థం లేని అంకె వస్తుంది, అది వెంటనే తెలిసిపోతుంది. రెండోది దొంగదెబ్బ: పడమర రేఖాంశమని గమనించకుండా 122.38లోంచి 83.90 తీసేస్తే దూరం 4,300 కి.మీ. అని వస్తుంది. చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. అమెరికా 4,300 కి.మీ.లో ఎక్కడుందండీ! అలా వస్తే గుర్తు తప్పిందని అర్థం.

ఇంకో గందరగోళం మైళ్లతో. ఇదే దూరం మామూలు మైళ్లలో 8,200, నాటికల్ మైళ్లలో 7,130. విమానాల వెబ్‌సైట్లు కొన్ని నాటికల్ మైళ్లు వాడతాయి. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కి.మీ. అందుకే పై 118.86ను 60తో గుణించినా 7,130 వచ్చేస్తుంది. ఒకచోట 8,200, ఇంకోచోట 7,130 చూసి దగ్గరి దారేదో దొరికిందనుకోకండి.

లెక్క ఇష్టం లేకపోతే ఇంట్లో పిల్లల గ్లోబు చాలు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే 425 కి.మీ. శ్రీకాకుళం దగ్గర దారం ఒక కొస వేలితో నొక్కిపట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగండి. 31 సెంటీమీటర్లు వస్తుంది. దారం ఏ దిక్కుకు పోయిందో కూడా చూడండి. గోడ మీది మ్యాపులో అమెరికా మనకు పడమటగా, అట్లాంటిక్ అవతల కనిపిస్తుంది. దారం మాత్రం పడమరకు పోదు. శ్రీకాకుళం నుంచి దాదాపు ఉత్తరానికే, కాస్త తూర్పుకు వాలి, జార్ఖండ్, సిక్కిం, టిబెట్, చైనా, తూర్పు సైబీరియా మీదుగా ఆర్కిటిక్ వలయం అంచు దాకా ఎక్కి, అలాస్కా మీదుగా దిగుతుంది. బల్లపరుపు మ్యాపు ఉత్తర ధ్రువం దగ్గరి నేలను సాగదీసి చూపిస్తుంది కాబట్టి ఈ దారి మన కంటికి ఆనదు.

మరి దారం దారిలో విమానం ఎందుకు పోదు? మొదటి కారణం మీకు తెలిసిందే, శ్రీకాకుళంలో విమానాశ్రయం లేదు, విశాఖ నుంచి అమెరికాకు నేరు విమానమూ లేదు. విశాఖ నుంచి ఉన్నా టిబెట్ అడ్డు. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే పదివేల అడుగులకు, అంటే సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. తలపైనుంచి ఊడిపడే ఆక్సిజన్ మాస్కు కొద్ది నిమిషాలకే సరిపోతుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. దిగడానికి చోటేదీ? అందుకే అక్కడ గంటలకొద్దీ ఎగిరే దారులను విమాన సంస్థలు చాలావరకు పక్కన పెడతాయి. మూడోది ఆకాశంలోని సరిహద్దులు. 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, యూరప్ సంస్థల విమానాలు రష్యా మీదుగా పోవడం లేదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన దేశ విమానాలకు మూసేసింది. 2019లోనూ ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య దాకా ఇలాగే మూశారు. ఇలా మూసినప్పుడల్లా ఢిల్లీ నుంచి పడమరకు పోయే విమానాలు అరేబియా సముద్రం వైపు చుట్టు తిరగాలి. గంటలు పెరుగుతాయి, కొన్నిసార్లు ఇంధనం కోసం మధ్యలో దిగాల్సీ వస్తుంది.

ఇప్పుడు మనవాళ్లకు నిజంగా అందుబాటులో ఉన్న దారులు. ఢిల్లీ మీదుగా అయితే విశాఖ–ఢిల్లీ 1,360 కి.మీ., ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో 12,380 కి.మీ., కలిపి 13,740. హైదరాబాద్, దుబాయ్ మీదుగా అయితే 510, 2,550, 13,020 కలిపి 16,080. సింగపూర్ మీదుగా అయితే విశాఖ–సింగపూర్ 2,900, అక్కడి నుంచి 13,580, మొత్తం 16,480. ఇవన్నీ దారం కొలతలే, నిజంగా ఎగిరేది వీటికంటే కొన్ని వందల కి.మీ. ఎక్కువ. కిలోమీటర్లలో సింగపూర్ అన్నిటికంటే దూరం. అయినా మీ అమ్మానాన్నలకు నేను చెప్పేది ఆ దారే. ఎందుకో కింద తెలుస్తుంది.

ముందు వేగం సంగతి. పెద్ద విమానం 35,000 అడుగుల పైన ధ్వని వేగంలో 0.85 వంతు వేగంతో పోతుంది. అక్కడి చలికి ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కి.మీ. కాబట్టి విమానం వేగం 900. విశాఖ నుంచి పోయే చిన్న విమానం 0.78 వంతు, అంటే 830. కానీ ఇది గాలిలో వేగం. నేల మీద ఎంత దూరం పోతుందనేది గాలి ఎటు వీస్తోందో చూసి చెప్పాలి. ఏటికి ఎదురు తెడ్డేసే పడవకూ, వాలుకు పోయే పడవకూ ఉన్న తేడానే ఇది. ఆ ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలుంటాయి, గంటకు వంద, రెండొందల కి.మీ. వేగంతో. శీతకాలంలో ఇంకా బలంగా.

సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు లెక్క వేసి చూడండి. దారి పొడవునా సగటున 50 కి.మీ. వెనకగాలి ఉంటే నేల వేగం 950. 13,580ను 950తో భాగిస్తే 14 గంటల 18 నిమిషాలు. పైకెక్కడం, దిగడం, విమానం నేల మీద రన్‌వే దాకా పోవడం కలిపి మరో ముప్పావుగంట. అంటే 15 గంటలు. అదే విమానం తిరుగు ప్రయాణంలో 50 కి.మీ. ఎదురుగాలిలో వస్తే 850తో భాగించాలి: 16 గంటలు, పైన ముప్పావు, 16.45. ఎదురుగాలి తప్పించుకోవడానికి కొంత చుట్టు కూడా తిరుగుతారు. టైమ్‌టేబుళ్లలోనూ అటూఇటూగా ఇదే కనిపిస్తుంది, వెళ్లేటప్పుడు 15 నుంచి 15.30, వచ్చేటప్పుడు 16.30 నుంచి 17.30. టికెట్ మీది సమయం గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. కొంచెం వెసులుబాటు కూడా కలిపే వేస్తారు, అందుకే బయల్దేరడం అరగంట ఆలస్యమైనా ఒక్కోసారి టైముకే దిగుతుంది.

దూరం ఎక్కువైనా సమయం తగ్గడం వింతగా అనిపిస్తే, దీనికి పేరున్న ఉదాహరణ ఒకటుంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా 13,900 కి.మీ. పోయేది. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా తిప్పారు. 15,300 కి.మీ., అంటే 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే సుమారు రెండు గంటలు ముందే. కారణం వెనకగాలి ఒక్కటే.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమరకు పోతే ఊరే ఎదురొస్తుంది కదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతోంది. పలాస ప్యాసింజర్ బోగీలో ఎగిరే ఈగకు ఇంజను వైపు పోయినా గార్డు వైపు పోయినా ఒకటే శ్రమ. బోగీ లోపలి గాలి కదిలితేనే తేడా. భూమి తిరగడం వల్ల ఆ జెట్ ప్రవాహాలు తూర్పుకు మళ్లుతాయి, విమానానికి దాంతో ఉన్న సంబంధం అంతవరకే.

గడియారం చిక్కు విప్పడానికి ఒకటే పద్ధతి, అన్నీ మన టైములోకి మార్చుకోవడం. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. దుబాయ్ గంటన్నర వెనక. శాన్‌ఫ్రాన్సిస్కో వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. 2026లో అవి మార్చి 8, నవంబరు 1.

ఉదాహరణకు జూన్‌లో ఒక సోమవారం రాత్రి 11కి విశాఖలో విమానం కదిలిందనుకుందాం. నాలుగుంపావు గంటలు. మన టైములో మంగళవారం తెల్లవారుజాము 3.15, సింగపూర్‌లో 5.45. అక్కడ మూడున్నర గంటలు ఆగి 9.15కి రెండో విమానం, మన టైములో 6.45. పదిహేనుంపావు గంటలు పోతే మన టైము మంగళవారం రాత్రి 10. అందులోంచి పన్నెండున్నర తీసేస్తే శాన్‌ఫ్రాన్సిస్కోలో మంగళవారం పొద్దున్న 9.30. సింగపూర్‌లో మంగళవారం 9.15కి ఎక్కి అదే మంగళవారం 9.30కి దిగుతారు. మధ్యలో తేదీ రేఖ దాటడంతో ఒక రోజు వెనక్కి వచ్చింది. మీరు టికెట్‌లో చూసింది ఇదే, తప్పేమీ లేదు. అసలు ప్రయాణం సోమవారం రాత్రి 11 నుంచి మంగళవారం రాత్రి 10 దాకా, 23 గంటలు.

ఇదే పద్ధతిలో దుబాయ్ దారి చూడండి. విశాఖ–హైదరాబాద్ గంటంపావు, హైదరాబాద్–దుబాయ్ నాలుగు గంటలు, దుబాయ్–శాన్‌ఫ్రాన్సిస్కో పదహారు. ధ్రువానికి దగ్గరగా పోతుంది కాబట్టి ఆ ముక్కలో గాలి లాభం పెద్దగా ఉండదు. గాల్లోనే 21 గంటలు దాటింది, రెండుచోట్ల మూడేసి గంటలు ఆగితే 27 పైమాటే. ఢిల్లీ దారి కాగితం మీద దగ్గర. అక్కడి నుంచి నేరు విమానం సవ్యంగా నడిచే రోజుల్లో 22, 23 గంటల్లో పోవచ్చు. కానీ ఆకాశం మూసివేతల దెబ్బ మొదట తగిలేది దానికే. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు సంగతి చెప్పనక్కర్లేదు, పొద్దుటి విమానాలు గంటలకొద్దీ ఆగిపోతాయి. ఆ రెండు నెలల్లో ఢిల్లీ మీదుగా పెద్దవాళ్లను పంపకండి. పంపక తప్పకపోతే ముందురోజు సాయంత్రానికే ఢిల్లీ చేర్చండి.

ఇప్పుడు ఇంటి దగ్గర నుంచి లెక్క. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం జాతీయ రహదారి మీద 110–115 కి.మీ. ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం, తగరపువలస దాటి ఆనందపురం దాకా కారు సాఫీగా పోతుంది. ఆనందపురం దగ్గర నిర్ణయం తీసుకోవాలి. నేరుగా పోతే మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, విమానాశ్రయం దగ్గరున్న ఎన్ఏడీ కూడలి. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర మధ్య ఈ ముక్కలోనే గంట కరిగిపోతుంది. కుడివైపు బైపాస్ పట్టుకుని పెందుర్తి దాకా వెళ్లి, అక్కడ గోపాలపట్నం మీదుగా ఎన్ఏడీ చేరితే కి.మీ. ఒకటి రెండు ఎక్కువైనా సిగ్నళ్లు తక్కువ. సాయంత్రం పూట బైపాసే మేలు, తెల్లవారుజామున ఏ దారైనా ఒకటే. ఆగకుండా పోతే రెండున్నర గంటలు. రాత్రి 11 విమానానికి 8 గంటలకు అక్కడుండాలి, అంతర్జాతీయ కౌంటరు గంట ముందే మూసేస్తారు. కాబట్టి ఇంట్లో సాయంత్రం 5కి కారు కదలాలి. విజయనగరం వాళ్లయితే దూరం 60 కి.మీ. అటూఇటూ, ఆరుంపావుకు బయల్దేరినా సరిపోతుంది.

సోమవారం సాయంత్రం 5 నుంచి మన టైము మంగళవారం రాత్రి 10 దాకా 29 గంటలు. దిగాక ఇమిగ్రేషన్ వరుస, బ్యాగులు, శాన్‌హోసేకు కారులో యాభై కి.మీ. పైచిలుకు, రెండు గంటలు తక్కువ కాకుండా. మొత్తం 31. మీ 15కీ ఈ 31కీ మధ్య పదహారు గంటలు ఇలా పోయాయి.

రైలు సంగతి కూడా చాలామంది అడుగుతారు. మన స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్ అయినా ఉన్నది ఆమదాలవలసలో, పట్నానికి 13 కి.మీ. కోడ్ సీహెచ్‌ఈ, పాత చికాకోల్ పేరులోంచి వచ్చింది, టికెట్ తీసేటప్పుడు అది చూసి తికమకపడొద్దు. అక్కడి నుంచి విశాఖ రెండు గంటలే. అయితే సామాను మోసుకుని ప్లాట్‌ఫారాలు మారి, మళ్లీ స్టేషను నుంచి విమానాశ్రయానికి ఆటో మాట్లాడుకోవడం పెద్దవాళ్లతో కుదిరే పని కాదు. రైలు ఒక గంట ఆలస్యమైతే మిగతా లెక్కంతా కూలిపోతుంది. ఈ ఒక్కరోజుకు కారే మాట్లాడండి.

విశాఖకు కొత్తగా కట్టిన భోగాపురం విమానాశ్రయం విజయనగరం జిల్లాలో, ఇదే రహదారిని ఆనుకుని ఉంది, శ్రీకాకుళం నుంచి అరవై కి.మీ. లోపే. విమానం అక్కడి నుంచైతే ఇంటి దగ్గర గంటా గంటన్నర మిగులుతుంది, విశాఖ ట్రాఫిక్ బాధే ఉండదు. టికెట్ మీద ఏ విమానాశ్రయం రాసి ఉందో చదివి, బయల్దేరే ముందురోజు మళ్లీ ఒకసారి చూసి, డ్రైవరుకు పేరుతో సహా చెప్పండి. విశాఖ విమానం అంటే అలవాటు కొద్దీ ఎన్ఏడీ దాకా పోయేవాళ్లుంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు వాళ్లకు ఇంకో మాట: ఇచ్ఛాపురం నుంచి భువనేశ్వర్ సుమారు 190 కి.మీ., పాత విశాఖ విమానాశ్రయం అంతకంటే దూరం. భువనేశ్వర్ నుంచి టికెట్ ఎంతో కూడా చూసుకోండి.

టికెట్ కొనేటప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది మొత్తం ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్ మీద ఉండడం. రెండు విడి టికెట్లు కొంటే పది, పదిహేను వేలు తగ్గినట్టు కనిపిస్తుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మాత్రం ఆ సంస్థకు సంబంధం ఉండదు, అమెరికా టికెట్ డబ్బు పోయినట్టే. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది. రెండో దెబ్బ సామాను. అమెరికా టికెట్ మీద సాధారణంగా మనిషికి 23 కిలోలవి రెండు బ్యాగులు ఇస్తారు. విశాఖ–హైదరాబాద్ ముక్క విడిగా కొంటే అక్కడ 15 కిలోలే. 46 కిలోలతో వెళ్లిన మనిషి మిగతా 31 కిలోలకు కౌంటరు దగ్గర కట్టాలి, అది ఆ చిన్న టికెట్ ధరను మించిపోతుంది. మూడోది, విడి టికెట్లయితే మధ్య ఊళ్లో ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి, బ్యాగులు తీసుకుని మళ్లీ ఇవ్వాలి. దానికి ఆ దేశం అనుమతి కావాలి.

విశాఖ కౌంటరులో బ్యాగుకు అంటించే కాగితం పట్టీ ఒక్కసారి చేత్తో తిప్పి చూడమనండి. పెద్ద అక్షరాలతో చివరి ఊరి కోడ్ ఎస్ఎఫ్ఓ ఉండాలి, దాని కింద చిన్నగా ఎస్ఐఎన్. పెద్ద అక్షరాలు ఎస్ఐఎన్ అని ఉంటే బ్యాగు సింగపూర్ బెల్టు మీదే తిరుగుతూ ఉండిపోతుంది. కౌంటరు వదలకముందే సరిచేయించాలి. రెండు బోర్డింగ్ పాసులూ అక్కడే అడిగి తీసుకోవాలి.

చక్రాల కుర్చీ కావాలంటే టికెట్‌తోపాటే పెట్టించండి, కనీసం రెండు రోజుల ముందు. నడవగలిగిన వాళ్లకైనా పెట్టించమనే చెబుతాను. సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయంలో టెర్మినల్ మారాల్సి రావచ్చు, లోపలి స్కైట్రైను ఎక్కించి గేటు దాకా తీసుకెళ్తారు, భాష బాధ ఉండదు. అక్కడ భద్రతా తనిఖీ చాలా గేట్ల దగ్గరే జరుగుతుంది, చేతిలో నీళ్ల సీసా ఉంటే తీసేసుకుంటారు. ఖాళీ సీసా దాటించి లోపల నింపుకోవడం తెలివైన పని. రెండు విమానాల మధ్య రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉండేలా చూడండి. గంటన్నర కనెక్షన్ సాఫ్ట్‌వేరుకు సరిపోతుంది, అరవై ఐదేళ్ల మోకాళ్లకు సరిపోదు.

సామానులో పవర్ బ్యాంకు చేతి సంచీలోనే పెట్టాలి, పెద్ద బ్యాగులో పెడితే తెరిచి తీసేస్తారు. ఉద్దానం ఎండు కొబ్బరి కురిడీలు మండే సరుకు కింద లెక్క, చెక్-ఇన్‌లో ఆగిపోతాయి. పలాస జీడిపప్పుకు ఇబ్బంది లేదు. మాంసం పచ్చళ్లు అమెరికా కస్టమ్స్ ఒప్పుకోదు. ఆవకాయ పెట్టుకోవచ్చు గానీ నూనె కారితే 23 కిలోల బట్టలూ పచ్చడి వాసనే, మూత చుట్టూ టేపు వేసి రెండు కవర్లలో కట్టండి.

బీపీ, షుగరు మాత్రలు చేతి సంచీలో, డాక్టరు చీటీతో సహా. రాత్రి తొమ్మిదికి వేసుకునే మాత్ర అంటే ఏ దేశపు రాత్రి తొమ్మిది? ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. వెళ్లే వారం ముందు డాక్టరును అడిగి, మన టైము ప్రకారం ఎన్ని గంటలకు ఏది అని చిన్న కాగితం మీద రాయించుకోవాలి. పాత చేతి గడియారం ఒకటి మన టైములోనే ఉంచి పెట్టుకుంటే ప్రయాణమంతా దాన్నే చూసుకోవచ్చు. పదిహేను గంటల ముక్కలో గంటన్నరకోసారి లేచి నడవాలి, అందుకని కిటికీ సీటు కాకుండా నడవ పక్క సీటు తీసుకోండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్తే తుపాను సంగతి మరవకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్నే మూయించింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి రోడ్లన్నీ చెట్లతో నింపేసింది. వాయుగుండం కబురు వస్తే ముందురోజే విశాఖ చేరిపోవడం మంచిది.

తిరుగు ప్రయాణంలో తేదీ రెండోవైపు దెబ్బ కొడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో సోమవారం రాత్రి 10.30కి ఎక్కితే మన టైము మంగళవారం పొద్దున్న 11. పదిహేడు గంటలు కలిపితే బుధవారం తెల్లవారుజాము 4, సింగపూర్‌లో 6.30. మంగళవారం అనేది వాళ్లకు ఆకాశంలోనే గడిచిపోతుంది. సింగపూర్ నుంచి నేరుగా మన దగ్గర దిగితే ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఇక్కడే అయిపోతాయి. ఢిల్లీ, హైదరాబాద్ మీదుగా వస్తే మామూలుగా అక్కడే బ్యాగులు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి, పదహారు గంటలు కూర్చుని వచ్చిన మనిషికి అదో శిక్ష. సింగపూర్ దారి మేలని నేను అనడానికి పెద్ద కారణం ఇదే. కారు మాట్లాడేటప్పుడు డ్రైవరుకు ఎక్కే తేదీ చెప్పకండి, సింగపూర్ నుంచి వచ్చే విమానం నంబరూ, అది మన దగ్గర దిగే తేదీ, టైమూ రాసి ఇవ్వండి. విమానం రాత్రి పన్నెండు దాటాక దిగేదైతే తేదీ పక్కన వారం పేరు కూడా రాయండి. మంగళవారం రాత్రి ఒంటిగంట అని నోటితో చెబితే, అది మంగళవారం రాత్రో, సోమవారం అర్ధరాత్రి దాటాకో తేలదు.